డైరెక్టరుగారికి పూలదండ

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే. క్లినిక్ తలుపులు తెరిచేలోపు ఒక ఈ-మెయిలుకు జవాబు రాయాలి. రెండు ముక్కల జవాబు. దానికోసం ఆయన స్నానం కూడా వాయిదా వేసుకుని కంప్యూటరు ముందు చేతులు నలుపుకుంటూ కూర్చున్నాడంటే, వ్యవహారం రెండు ముక్కలది కాదని మీరే గ్రహించాలి.

ఆ మెయిలు వచ్చింది ఎండ గుంపు నుంచి. పగటిపూట సూర్యుణ్ణి చూసే పిచ్చి పట్టినవాళ్ళంతా ఆ గుంపులో ఉంటారు. నల్లటి రక్షణ అద్దం బిగించిన చిన్న దూరదర్శినితో మేడ ఎక్కి, సూర్యుడి ఒంటి మీద ఇవాళ మచ్చలెన్ని, నిన్నటి మచ్చ ఎంత జరిగింది అని చూసుకుని ఒకరికొకరు రాసుకుంటారు. ఫోనులో టకటకా వచ్చిపడే కబుర్ల గుంపు కాదది. ఈ-మెయిలు మీద నడిచే పాతకాలపు చర్చాగుంపు. ఒకరు రాస్తే అందరికీ వెళ్తుంది, అందరూ రాస్తే ఒక్కొక్కరి నెత్తినా పడుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

గుంపుకు పెద్ద ఒక రిటైరైన సబ్ ఎడిటరు. పత్రికలో పని చేసినన్నాళ్ళూ ఇతరుల వార్తలు కత్తిరించిన చెయ్యి, రిటైరైతే మాత్రం ఊరుకుంటుందా? ఎదురుగా అందరూ మేడం అంటారు, చాటున కత్తెరమ్మ అంటారు. ఆవిడ పెట్టిన నియమం ఇది: ఏ మాటకు జవాబిస్తున్నారో ఆ మాట మాత్రం పైన ఉంచండి. దాని పక్కన బాణం గుర్తు పెట్టండి. కింద మీ జవాబు రాయండి. మిగతాదంతా కత్తిరించండి. మీ బద్ధకానికి గుంపులోవాళ్ళ వేళ్ళు అరగదీయకండి.

న్యాయంగా చూస్తే అది మంచి నియమమే. కానీ డాక్టరుకు ఎంతకీ పట్టుబడలేదు. పోయిన వారం, నెల రోజుల చర్చంతా కలిపి వచ్చిన పొడుగాటి మెయిలు నెత్తిన "అలాగేనండి" అని ఒక్క మాట పెట్టి, మొత్తం సరుకును మళ్ళీ అందరికీ పంపాడు. కింద ఇంకేమైనా రాశాడేమోనని ఫోనులో వెతుక్కుంటూ ఒక లైబ్రేరియను తను దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఊరి చివర బస్సు డిపోలో తేలింది. కత్తెరమ్మ డాక్టరుకు ఫోను చేసింది.

"డాక్టరుగారూ, ఇంకొక్కసారి కత్తిరించకుండా పంపితే మీ పేరు గుంపులోంచి తీసేస్తాను. కొండ ప్రయాణంలోంచి కూడా."

గుంపులోంచి తీసేసినా డాక్టరు ఎలాగో బతికేవాడు. కొండ ప్రయాణం పోతే మాత్రం ఆయన మనిషి కాడు. ఊరికి దూరంగా కొండ మీద సూర్యుణ్ణి చూసే వేధశాల ఉంది. అక్కడి ఎత్తయిన బురుజు కాంతిని పైన పట్టి, అద్దాల మీదుగా కిందికి దించి, చీకటి గదిలో తెల్లటి బల్ల మీద సూర్యుడి బొమ్మ పరుస్తుంది. బల్ల చుట్టూ చేరి, వంగి, నిప్పుల కొండలాంటి ఆ సూర్యుణ్ణి పటం చూసినట్టు చూడొచ్చు. ఈ ఆదివారంతో ఆ దూరదర్శినిని విప్పేస్తున్నారు. ఇక బయటివాళ్ళకు అదే ఆఖరి చూపు. వేధశాల డైరెక్టరు ఎనిమిది మందిని రానిస్తానన్నాడు, అదీ గుంపులోని అద్దాల తాతగారి మొహం చూసి. చీటీలు వేస్తే డాక్టరు పేరు వచ్చింది. పొద్దస్తమానం చిన్న అద్దం పట్టుకుని మనుషుల నోళ్ళలో నల్లచుక్కలు వెతికే మనిషికి, తల పైకెత్తి చూడదగ్గ నల్లచుక్కలు ఒక్కసారైనా దగ్గరగా చూడాలని చిన్నప్పటి నుంచీ కోరిక. చీటీ వచ్చిన రోజు ఆయన ఒక పేషెంటుకు పైపన్నుకు బదులు కిందిపన్నుకు మత్తిచ్చాడు.

"ఏవండీ, స్నానం చేయరా? మీ పేషెంట్లు వచ్చే వేళయింది," అంది భార్య, పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని. ఆవిడకు కింది అంతస్తులో కుట్టు దుకాణం ఉంది.

"ఉండు, కత్తిరిస్తున్నాను."

"పొద్దున్నుంచీ కత్తిరిస్తూనే ఉన్నారు. ఉత్తరమా, పట్టుగుడ్డా?"

"తాతగారి ఉత్తరం. నాలుగు పేజీలు. ఎక్కడికి తెచ్చానో చూడు. మూడే మూడు వాక్యాలు."

ఆవిడ తెర వైపు ఒక చూపు చూసింది. "మరీ అంచుదాకా కోసేశారే. కుట్టుకి కాస్త గుడ్డ వదలాలి కదండీ."

"ఉత్తరాలకి కుట్లుండవు," అన్నాడు డాక్టరు, పండితుడిలా.

ఇప్పుడు తాతగారి సంగతి చెప్పాలి. దూరదర్శినుల అద్దాలు చేత్తో అరగదీసి తయారుచేయడంలో ఆయనకు సాటి లేదు. డైరెక్టరుకు చిన్ననాటి స్నేహితుడు. ఆయన రాసే ఉత్తరాలంటే గుంపులో అందరికీ మహా గౌరవం. ఎంత గౌరవమంటే, ఎవరూ చదివి వాటిని పాడుచేయరు. ఆ వారం ఉత్తరంలో ఆయన రాసిందిది: "కిందటేడు నా బంధువొకడు నాతో అన్నాడు. అద్దం మసకబారింది. డైరెక్టరుకి మతి తప్పింది. అక్కడికి వెళ్ళడం శుద్ధ దండగ. వాడు ఆ కొండ ఎక్కనే లేదు. ఎక్కి చూసినవాడెవడూ అలా అనలేదు. ఇలాంటి మాటలు నమ్మకండి." దీనికి ముందు రెండు పేజీలు, తర్వాత రెండు పేజీలు.

డాక్టరుకు ఈ బంధువు మాట బాగా తగిలింది. సరిగ్గా అలాంటి మాటే తనతోనూ ఒకాయన అన్నాడు. కాబట్టి ఆ మాటకే జవాబివ్వాలి. కాబట్టి ఆ మాటే ఉంచాలి. బంధువును కత్తిరించాడు, కొండ ఎక్కనివాణ్ణి కత్తిరించాడు, నమ్మకండి అన్నదాన్నీ కత్తిరించాడు. చివరికి మిగిలిన మూడు వాక్యాల పక్కన బాణం గుర్తులు పెట్టి, కింద ఇలా రాశాడు: "బాగా చెప్పారు తాతగారూ. నేనూ ఇదే మాట విన్నాను." పంపే మీట నొక్కి, కత్తెరమ్మ మెచ్చుకోలు కోసం మనసులో కాస్త చోటు ఖాళీ పెట్టుకుని, స్నానానికి వెళ్ళాడు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గోరంతలు కొండంతలు కావడం అందరూ చూసే ఉంటారు. గోరంత కూడా లేనిచోట, కేవలం శుభ్రంగా కత్తిరించడం వల్ల, నిలువెత్తు మనిషి కళ్ళముందే కాలం చేయడం మీరెక్కడైనా చూశారా?

మొదట మందుల షాపాయన చూశాడు. ఆయన వృత్తికి పనికొచ్చే వాక్యం ఒక్కటే కనిపించింది. "డైరెక్టరుకి మతి తప్పింది" అన్నదానికి బాణం గుర్తు పెట్టి, మిగతాది కత్తిరించి రాశాడు: "అయ్యో పాపం. ఈ వయసులో ఇలాంటివి వస్తే ఇంట్లోవాళ్ళకే నరకం. మందులు వేళకి వేస్తున్నారో లేదో."

దాన్ని సంగీతం టీచరు చూసింది. ఆవిడ మనసు వెన్న. జబ్బు పేరు కత్తిరించి, "ఇంట్లోవాళ్ళకే నరకం" అన్నంతవరకూ ఉంచి రాసింది: "విని చాలా బాధపడ్డాను. ఈ కష్టకాలంలో డైరెక్టరుగారి కుటుంబానికి మనమంతా అండగా నిలబడాలి."

గుంపు కోశాధికారి ఒక బ్యాంకు మేనేజరు. ఆయన కంటికి చేరేసరికి డైరెక్టరు, ఆయన కుటుంబం, కష్టకాలం మాత్రమే మిగిలాయి. బ్యాంకులో కష్టకాలమూ కుటుంబమూ కలిసి ఒకే వాక్యంలో వచ్చాయంటే, ఖాతాదారు ఇక లేడని అర్థం. ఆయన నిలబడి ఒక నిమిషం మౌనం పాటించాడు. ఆ నిమిషంలో కౌంటరు దగ్గర ఉన్నవాళ్ళు కూడా ఎందుకో ఏమిటో తెలియకుండానే లేచి నిలబడ్డారు. తర్వాత రాశాడు: "తీరని లోటు. గుంపు తరఫున కొండకి పూలదండ పంపిస్తున్నాను." ఆ మాటతోపాటు సంతాపం కాపీ ఒకటి వేధశాల ఆఫీసు చిరునామాకు కూడా పంపాడు. పద్ధతి తెలిసిన మనిషి.

ఇక గుంపు గుంపంతా కదిలింది. తిలాపాపం తలా పిడికెడు. ఎన్నడూ నోరు విప్పనివాళ్ళు కూడా రాశారు. ఒకాయన, తను చదువుకునే రోజుల్లో డైరెక్టరు ఉపన్యాసం విని తెల్లారేదాకా నిద్రపోలేదన్నాడు. ఒకావిడ, తన ప్రశ్నకు ఆయన స్వయంగా జవాబు రాశారనీ, ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాననీ చెప్పింది. చూడండి వింత, ఇందులో ఒక్కరు కూడా నియమం తప్పలేదు. ప్రతివాడూ ఒక్క వాక్యం ఉంచాడు, బాణం పెట్టాడు, మిగతాది శుభ్రంగా తీసేశాడు. గుంపు పుట్టాక అంత ముచ్చటగా కత్తిరించిన రోజు లేదు. ఒక నిండు మనిషి పొద్దున మతి తప్పి, టీ వేళకు మంచం పట్టి, భోజనాల వేళకు పరమపదించాడు, అంతా పద్ధతిగా.

అడ్డుకోవాల్సిన కత్తెరమ్మ ఆ వేళకు కంటి ఆసుపత్రిలో ఉంది. కళ్ళలో మందు చుక్కలు వేసి, సాయంత్రం దాకా ఏదీ చదవొద్దని కూర్చోబెట్టారు. డాక్టరేమో ఒక లావాటి కాంట్రాక్టరు దవడపన్నుతో కుస్తీ పడుతున్నాడు. సొరుగులో ఫోను బుయ్యిమంటూనే ఉంది. తనను మెచ్చుకుంటున్నారనుకుని ఆయన మాస్కు చాటున నవ్వుకున్నాడు.

పన్ను వచ్చాక చేతులు కడుక్కుని ఫోను తీశాడు. మొదటి మెయిలు చదివాడు. రెండోది చదివాడు. పేషెంటు కుర్చీలో తనే కూలబడ్డాడు.

వెంటనే రాశాడు: "అయ్యా, ఆగండి. డైరెక్టరుగారు నిక్షేపంలా ఉన్నారు. తాతగారి ఉత్తరం మొత్తం చదివితే తెలుస్తుంది. పొరపాటు నాదే." ఇంత ప్రళయంలోనూ ఆయన నియమం మరచిపోలేదు. పైన ఉన్నదంతా కత్తిరించాడు. దాంతో దేనికి జవాబో ఎవరికీ అర్థం కాలేదు. బ్యాంకు మేనేజరు అందులోంచి "తాతగారి ఉత్తరం మొత్తం చదివితే తెలుస్తుంది" అన్నది ఒక్కటి ఉంచుకుని అడిగాడు: "అంటే ఈ పుకారు పుట్టించింది తాతగారా? ఆయన నుంచి ఇది ఊహించలేదు."

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడమంటే ఇదే. మరుక్షణం డాక్టరు ఫోను మోగింది.

"ఏం నాయనా," అన్నారు తాతగారు చాలా నెమ్మదిగా, "నా నోటితోనే నా స్నేహితుణ్ణి చంపించావట?"

"తాతగారూ, నేను మీ మాటల్లో ఒక్క అక్షరం మార్చలేదండీ."

"మార్చలేదు. నాలుగు పేజీల్లో ఆ గాడిద అన్నది మూడు ముక్కలు. సరిగ్గా ఆ మూడూ నా పేరు కింద పెట్టావు. ఇక డైరెక్టరు మనల్ని గేటు లోపలికి రానిస్తాడా?"

కొండ, బురుజు, చీకటి గది, తెల్లటి బల్ల వరసగా డాక్టరు కళ్ళముందు నుంచి వెళ్ళిపోయాయి. వేధశాలకు ఫోను చేస్తే ఎంతసేపటికీ ఎవరూ ఎత్తలేదు. పూలదండనైనా ఆపాలి. మెట్లన్నీ దూకి, భార్య దుకాణంలోకి పరిగెత్తాడు. ఆవిడ సంగతి విని, చేతిలో గుడ్డ పక్కన పడేసి, ఒక్క మాట అనకుండా స్కూటరు తీసింది. అనాల్సినవి చాలా ఉన్నా ఆవిడ అనలేదు. దారిపొడుగునా ఆ అననివే డాక్టరు చెవుల్లో గింగురుమన్నాయి.

బస్టాండు పక్కన పూలకొట్టు. తడి గోనెపట్టాలు, బకెట్లలో నీళ్ళు, నేలంతా కాడల ముక్కలు. కొట్టావిడ వీళ్ళ మొహాలు చూసి దారం పక్కన పెట్టింది.

"కొండమీదికి పెద్ద దండ ఒకటి ఆర్డరొచ్చిందా అమ్మా?" అన్నాడు డాక్టరు రొప్పుతూ.

"మధ్యాహ్నం బస్సుకే పంపించేశాం బాబూ. ఈపాటికి అందే ఉంటుంది. మీకు ఆయన ఏమవుతారు?"

డాక్టరు బస్టాండు వైపు చూశాడు.

"బాధపడకండి. చాలా గొప్పవారటగా. బ్యాంకు ఆయన ఫోనులో చెబుతుంటే నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. రెండు మూరలు ఎక్కువే కట్టాను."

తిరిగి ఇంటికొచ్చేసరికి కత్తెరమ్మ ఫోను. మెయిళ్ళన్నీ ఆవిడకు లైబ్రేరియను చదివి వినిపించిందట.

"డాక్టరుగారూ, నియమం తప్పితే తీసేస్తానన్నాను. మీరు తప్పలేదు. ఇరవై ఏళ్ళు డెస్కులో పనిచేశాను, ఇంత తూచా తప్పకుండా కత్తిరించి ఇంత అబద్ధం తయారుచేసినవాణ్ణి చూడలేదు. మిమ్మల్ని ఏం చేయాలో నాకు తెలియడం లేదు."

ఆవిడ గొంతులో కోపం కంటే ఒక రకమైన భక్తి ధ్వనించింది. ఆవిడ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది పాపం. "కొండ సంగతి మాత్రం మరిచిపోండి. నేనూ మరిచిపోతాను. నా చీటీ కూడా వచ్చింది, తెలుసా?" అని పెట్టేసింది.

డాక్టరు మేడ ఎక్కాడు. ఎండ ఇంకా ఉంది. తన చిన్న దూరదర్శినిలోంచి సూర్యుణ్ణి చూశాడు. చిన్న నారింజ రంగు బిళ్ళ, దాని మీద పెన్సిలు మొనతో పొడిచినంత మచ్చ. ఆ మచ్చలో మన భూమిని పడేస్తే చప్పుడు కూడా కాదని పుస్తకాల్లో చదివాడు. కళ్ళారా చూసే రోజు వచ్చి, గుమ్మందాకా వచ్చి, తన చేతులారా పోయింది. ఆయన ఏడ్చాడు. వెనకే వచ్చిన భార్య చూసింది. చూడనట్టు ఆరేసిన బట్టలు తీసుకుని కిందికి దిగిపోయింది.

సాయంత్రం డైరెక్టరు నుంచి గుంపుకు మెయిలు వచ్చింది. తెరవడానికి డాక్టరుకు చేతులు రాలేదు. భార్యే తెరిచి పైకి చదివింది.

"మిత్రులారా, పూలదండ అందింది. గేటు దగ్గర నేనే సంతకం పెట్టి తీసుకున్నాను. తెచ్చినవాడు నన్ను చూసి, పోయినవారికి మీరేమవుతారు అని అడిగాడు. చాలా దగ్గరవాణ్ణని చెప్పాను. సంగతేమిటని నా స్నేహితుణ్ణి అడిగితే, పొద్దున్నుంచీ మీరు రాసిందంతా తన నాలుగు పేజీలతో సహా పంపాడు. కూర్చుని కింది నుంచి పైదాకా చదివాను. నలభై ఏళ్ళు ఈ కొండ మీద ఉన్నాను. నా మాట విని ఒక కుర్రవాడు నిద్రపోలేదనిగానీ, నేను రాసిన కాగితం ఒకరు దాచుకున్నారనిగానీ ఇంతవరకూ నాకెవరూ చెప్పలేదు. బతికుండగా ఇవి వినే అదృష్టం ఎంతమందికి పడుతుంది? ఎనిమిది మంది అన్నాను కదా, ఆ మాట వదిలేయండి. రాగలిగినవాళ్ళందరూ రండి. ఈ పని మొదలుపెట్టిన డాక్టరుగారిని మాత్రం తప్పకుండా తీసుకురండి. మేడం, కింద మీ గుంపు రాసిందంతా అలాగే ఉంచాను, క్షమించాలి. అది నా సంతాపసభ. అందులో ఏ ముక్క తీసేయమంటారు?"

దాని కింద ఉంది, మొత్తం. తాతగారి నాలుగు పేజీలు, మతి, మందులు, తీరని లోటు, పుకారు, అన్నీ. కత్తెరమ్మ దానికి జవాబు రాయలేదు.

ఆదివారం మధ్యాహ్నం బస్సు నిండా జనం కొండ ఎక్కారు. డైరెక్టరు పొట్టిగా, బక్కగా, నిండుగా బతికి ఉన్నాడు. పూలదండను తన గదిలో మేకుకు వేలాడదీసుకున్నాడు. బ్యాంకు మేనేజరు ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చల్లటి మెట్లు దిగి అందరూ చీకటి గదిలో బల్ల చుట్టూ చేరారు. పైన ఎక్కడో తలుపు జరిగిన చప్పుడైంది. బల్ల మీద సూర్యుడు పరుచుకున్నాడు.

పెద్ద పళ్ళెమంత వెలుగు, అంచులు సన్నగా వణుకుతున్నాయి. ఒళ్ళంతా గింజలు గింజలుగా ఉంది. ఒక్కో గింజా ఒక దేశమంత అని డైరెక్టరు చెప్పాడు. అవి ఉడుకుతున్నాయి, పొయ్యి మీద అన్నం ఉడికినట్టు, ఒకటి పైకి వస్తే ఒకటి మునిగిపోతూ. మధ్యలో ఒక మచ్చ, నల్లగా, చుట్టూ నీడతో, కదలకుండా ఉంది. సంగీతం టీచరు పక్కనున్నవాళ్ళ భుజం పట్టుకుంది. తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయారు.

డాక్టరు బల్ల మీదికి వంగి, తనకు తెలియకుండానే, నోరు తెరవమన్నట్టు చెయ్యి చాపాడు. ఆయన చేతి మీద కూడా సూర్యుడు పడ్డాడు. గింజలు ఆయన వేళ్ళ మీద ఉడికాయి.

"ఎలా ఉంది డాక్టరుగారూ?" అన్నాడు డైరెక్టరు.

"ఇంత పెద్ద పుచ్చు నా సర్వీసులో చూడలేదండీ," అన్నాడు డాక్టరు. "దీన్ని పూడ్చక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు. కొన్నాళ్ళకి అదే పోతుంది."

కత్తెరమ్మ అన్నిటికంటే ఆఖరున బల్ల వదిలింది. బస్సు దగ్గర డాక్టరు పక్కకు వచ్చి నిలబడింది.

"గుంపుకి రిపోర్టు రాయాలి. రానివాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు. నేనైతే ఎక్కడో ఒకచోట కోసేస్తాను, నాకు అలవాటు. మీరు రాయండి డాక్టరుగారూ. ఒక్క ముక్క కూడా కత్తిరించొద్దు."

డాక్టరు ఆ రాత్రే మొదలుపెట్టాడు. ఇది జరిగి ఏడాది దాటింది. ఆ రిపోర్టు గుంపుకు ఇంకా వస్తూనే ఉంది.